కదిపే ముందు, కలిపే ముందు

ఆసుపత్రిలో అందరూ ఆయన్ని జాగ్రత్త బాబాయి అంటారు. అసలు పేరు లేక కాదు, హాజరు పట్టీలో శుభ్రంగా ఉంది. కానీ ముప్ఫై ఏళ్లుగా ఎవరు ఎదురుపడినా, ఏ మాట మాట్లాడినా, చివర "జాగ్రత్త" అని ఒక తోక తగిలించడం వల్ల ఆ తోకే పేరైపోయింది. మెట్లు దిగేవాళ్లకి జాగ్రత్త. కాఫీ తాగేవాళ్లకి, వేడిగా ఉంది, జాగ్రత్త. అది చల్లారితే, జలుబు చేస్తుంది, జాగ్రత్త. పెళ్లి కుదిరిందని చెప్పడానికి వచ్చిన నర్సుకి కూడా సంతోషం అనకముందే జాగ్రత్త అన్నాడు. ఆ అమ్మాయి కాపురం నిక్షేపంలా ఉంది, అది వేరే సంగతి.

భయస్తుడు. ఇందులో దాచేదేమీ లేదు, ఆయనే దాచుకోడు. ఇంటికి తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తాడు. వీధి మలుపు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి నాలుగోసారి లాగుతాడు. "ఆ తాళం దొంగల వల్ల ఊడదండీ, మీ వల్లే ఊడుతుంది ఏదో ఒక రోజు" అంటుంది వాళ్లావిడ. ఎందుకింత భయమంటే ఆయన కారణం చెప్పలేడు. కొందరు పొడుగ్గా పుడతారు, కొందరు పొట్టిగా పుడతారు, ఈయన భయంతో పుట్టాడు.

ఆసుపత్రిలో ఆయన పని ఎక్స్‌రే ఫిల్ముల గది చూసుకోవడం. ఇప్పుడు ఎక్స్‌రే తీస్తే నేరుగా కంప్యూటర్లోకి వెళ్లిపోతుంది గానీ, పాతరోజుల ఫిల్ములు ఇనుప అరల్లో గోధుమరంగు కవర్లలో నిలబడి ఉంటాయి. డాక్టరెవరైనా పాత ఫిల్ము అడిగితే, బాబాయి దాన్ని వెతికి, దుమ్ము తుడిచి, మూతలో కూడా దీపం ఉన్న పెద్ద స్కానర్ మీద పెట్టి, కంప్యూటర్లోకి ఎక్కించి పంపుతాడు. మామూలు కాగితాల స్కానర్‌కి ఫిల్ము కనపడదు, కింద నుంచీ పై నుంచీ వెలుగు కావాలి. పధ్నాలుగేళ్లనాటి ఆ స్కానర్ లాంటిది ఊళ్లో మరొకటి లేదు.

పదేళ్లు దాటిన ఫిల్ములు పారెయ్యాలని ఆసుపత్రి నియమం. ప్రతి ఏడాది జాబితా వస్తుంది, బాబాయి సంతకం పెడతాడు, బస్తాలు బయటికి వెళతాయి. అయితే జాబితాలో పిల్లల ఫిల్ములు కనపడితే మాత్రం ఆయనకి చెయ్యి రాదు. పెరిగే ఎముకలు కదా, ఎప్పుడు ఏ అవసరం వస్తుందో ఏమో అని భయం. తీరా పారేశాక ఎవరైనా వచ్చి అడిగితే వాళ్ల మొహం ఎలా చూడాలని ఇంకో భయం. అందుకని వాటిని వెనక అర వెనక్కి తోసేస్తాడు. తోసేశాక, ఇది ఎవరి కంటైనా పడితే ఉద్యోగం పోతుందని మూడో భయం. ఈ మూడు భయాలూ ఆ గదిలో ఆయనతో పాటే కాపురం ఉంటున్నాయి.

ఇలా ఉండగా గదిని నేలమాళిగ నుంచి పై అంతస్తుకి మార్చమన్నారు. పాత కంప్యూటర్ తీసేసి కొత్తది ఇచ్చారు. ఆ రోజు బాబాయి పడ్డ హైరానా చూసి వార్డు ఆయా ఒక కుర్చీలో కూలబడి నవ్వింది. ఫిల్ముల అరలు మోసేటప్పుడు ఒక ఎత్తు, స్కానర్ మోసేటప్పుడు ఇంకో ఎత్తు. ఇద్దరు మనుషులు దాన్ని ఎత్తబోతుంటే "ఆగండి ఆగండి" అని అడ్డం పడి, దాని అడుగున ఎడమవైపు చెయ్యి పెట్టి, బొటనవేలంత మీట ఒకటి తిప్పాడు. దాని పక్కన తాళంకప్ప బొమ్మ ఉంటుంది. అది తిప్పితే లోపల దీపాన్ని మోసే బండి అటూ ఇటూ ఊగకుండా బిగుసుకుంటుంది. పధ్నాలుగేళ్ల క్రితం స్కానర్ పెట్టిన మెకానిక్ ఒక్కసారి చెప్పాడు, బాబాయి నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ఆసుపత్రి మొత్తంలో ఆ మీట సంగతి తెలిసింది ఆయనొక్కడికే. తర్వాత మోసేవాళ్ల పక్కన నడుస్తూ, మెట్టుకొక జాగ్రత్త చొప్పున ముప్ఫై రెండు జాగ్రత్తలు చెప్పి, స్కానర్‌ని కొత్త బల్ల మీదికి క్షేమంగా చేర్చాడు. పాత కంప్యూటర్‌ని మర్నాడు పొద్దున్నే తుక్కు బండి ఎక్కించేశారు.

ఆ మర్నాడే, ఒంటిగంటకి పావుగంట ముందు, ఒకాయన తలుపు దగ్గరకొచ్చి నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ముక్కలు కాబోతున్న ఒక పాత చీటీ.

"మా అమ్మాయిదండీ. ఏడాదిన్నర పిల్లప్పుడు ఇక్కడే తుంటికి ఆపరేషన్ చేశారు. అప్పటి ఫిల్ము కావాలి."

సంగతి ఆయనే చెప్పాడు. అమ్మాయికి ఇప్పుడు పన్నెండేళ్లు. ఒక కాలు పొట్టిగా పెరుగుతోంది. ఇక్కడికి అయిదు గంటల దూరంలో ఇంకో పట్నంలో ఆసుపత్రిలో చేర్చారు. సాయంత్రం అయిదింటికి ఆపరేషన్. లోపల అప్పట్లో ఎముకకి పెట్టిన స్టీలు పిన్నులున్నాయి, ఎన్నో ఎవరికీ తెలియదు. కొత్త ఎక్స్‌రేలో రెండు కనిపిస్తున్నాయి, పెరిగిన ఎముక వెనక మూడోది ఉందేమోనని సర్జన్‌కి అనుమానం. ఆపరేషన్ అయిన రోజు తీసిన ఫిల్ము చూస్తే గానీ కత్తి పెట్టనన్నాడు. ఆ సర్జన్ ఎక్కడి నుంచో మూడు నెలలకొకసారి వస్తాడు. ఇవాళ కాకపోతే మళ్లీ మూడు నెలలు, అప్పటికి ఎముక ముదిరిపోతుంది, కాలు అలాగే ఉండిపోతుంది. ఇక్కడికి పొద్దుట్నుంచి ఫోన్ చేస్తూనే ఉన్నారట, ఎవరూ ఎత్తలేదట. ఎత్తరు మరి, ఫోను ఇంకా నేలమాళిగలోనే ఉంది.

బాబాయి చీటీ మీద సంవత్సరం చూశాడు. పదకొండేళ్లు. కాగితాల ప్రకారం ఆ ఫిల్ము ఈ లోకంలో లేదు, లేదని సంతకం పెట్టింది తనే. "పదేళ్లు దాటినవి ఉంచం నాయనా" అనే మాట నాలుక చివర తయారుగా ఉంది. అదంటే సరిపోయేది, ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. కానీ ఆ మనిషి రెండు కాళ్లకీ రెండు రకాల చెప్పులు వేసుకొచ్చాడు. హడావుడిలో ఏది దొరికితే అది తొడుక్కుని బయల్దేరినట్టున్నాడు. బాబాయి ఆ చెప్పుల వైపే చూస్తూ, "కూర్చో నాయనా, బెంచీ కాలు ఊగుతుంది, జాగ్రత్త" అని లోపలికి వెళ్లాడు.

వెనక అర వెనక, నాలుగో వరసలో ఉంది ఫిల్ము. కిటికీకి ఎదురుగా పట్టుకుంటే అరచేయంత తుంటి ఎముక, దాని మీద తెల్లటి గీతలు. రెండా, మూడా, ఆయనకి తెలియలేదు. తన భయం ఒక్కసారైనా ఒకరికి పనికొచ్చిందని అనుకున్నాడు. ఆ సంతోషం రెండు నిమిషాలుంది.

ముందు మొబైల్‌తో ఫోటో తీసి పంపారు. సర్జన్ దగ్గర్నుంచి వెంటనే ఫోనొచ్చింది. "వెలుగు పడి మెరుస్తోందండీ. మూడోది నీడో పిన్నో తేలడం లేదు. స్కాన్ చేసి పంపండి. నాలుగింటిలోగా కావాలి." రెండు ఫోటో స్టూడియోలకి, పక్క ఆసుపత్రికి ఫోన్ చేశారు. ఫిల్ము పట్టే స్కానర్ లేదన్నారు. ఫిల్ము తీసుకుని ఇప్పుడు బయల్దేరినా చేరేసరికి ఆరవుతుంది. అందరి కళ్లూ బల్ల మీదున్న పెద్ద స్కానర్ వైపు తిరిగాయి. దాన్ని కొత్త కంప్యూటర్‌కి ఇంకా కలపనే లేదు.

కంప్యూటర్లు చూసే ఆవిడ పరుగున వచ్చింది. ముప్ఫై అయిదేళ్ల మనిషి, భుజాన సంచీ, ఆ సంచీలో లేని వైరు ఉండదు. బాబాయిని సొంత బాబాయిలాగే చూస్తుంది, అంటే వేళాకోళం చేస్తుంది.

"ఏం బాబాయ్, మీ ముసలి స్కానర్‌కి మా కొత్త కంప్యూటర్‌తో సంబంధం కలపాలా?"

"వేళాకోళం వద్దమ్మా ఇవాళ. అక్కడ పిల్లకి సాయంత్రం ఆపరేషన్."

ఆవిడ మొహంలో నవ్వు పోయింది. సంచీ దించి కంప్యూటర్ ముందు కూర్చుంది.

మొదటి చిక్కు వైరు దగ్గరే వచ్చింది. పాత వైరు కొస వెడల్పుగా ఉంది, కొత్త కంప్యూటర్‌కి ఉన్నవన్నీ చీమ దూరేంత కంతలు. ఆవిడ సంచీలోంచి మధ్యలో తగిలించే చిన్న ముక్క తీసి రెండింటినీ కలిపింది. కంప్యూటర్ టింగుమంది. బాబాయి చేతులు జోడించబోయాడు. ఇల్లు అలకగానే పండగ కాదని మనకి తెలిసిందే గానీ, భయపడేవాడికి చిన్న టింగు కూడా కొండంత.

"ప్లగ్ కలిసింది గానీ, మాట కలవడం లేదు బాబాయ్" అంది ఆవిడ తెర చూస్తూ. "ఇది ఏదో వచ్చి తగులుకుందని తెలుస్తోంది, స్కానర్ అని తెలియడం లేదు. ఆ కంపెనీవాళ్లు ఇది తయారుచెయ్యడం మానేసి ఎనిమిదేళ్లయిందట. కొత్త కంప్యూటర్‌కి సరిపడే డ్రైవర్ లేదు. డ్రైవర్ లేకపోతే ఇది కదలదు."

బయట బెంచీ కిర్రుమంది. పిల్ల తండ్రి గభాల్న లోపలికొచ్చాడు.

"డ్రైవర్ కావాలాండీ? నేను డ్రైవర్నే. ఇరవై ఏళ్లుగా లారీ నడుపుతున్నా. ఎక్కడికి వెళ్లాలో చెప్పండి."

ఎవరూ నవ్వలేదు. మామూలు రోజైతే ఈ మాట ఆసుపత్రి అంతా తిరిగి, నెల్లాళ్లు క్యాంటీన్లో బతికేది. కంప్యూటర్ ఆవిడ లేచి, ఆయనకి అర్థమయ్యేటట్టు చెప్పింది. కొత్త కంప్యూటర్‌కీ పాత యంత్రానికీ మధ్య మాట మార్చి చెప్పే మనిషిలాంటి ప్రోగ్రామ్ ఒకటుంటుందని, దాన్నీ డ్రైవరే అంటారని. ఆయన "ఓహో" అన్నాడు. కానీ తిరిగి బెంచీ మీదికి వెళ్లలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు. పిలుస్తారేమో అన్నట్టు చేతిలో లారీ తాళాలు అలాగే ఉన్నాయి.

వెతగ్గా వెతగ్గా, ఇలాంటి దిక్కులేని పాత స్కానర్ల కోసమే ఎవరో రాసిన ప్రోగ్రామ్ ఒకటి దొరికింది. అది దిగుతూ ఉంటే గీత నత్తలా పాకింది. ఒకటీ యాభై. రెండుంపావు. మధ్యలో ఒకసారి నెట్ పోయింది, మళ్లీ మొదటికొచ్చింది. బాబాయి గోడ గడియారం చూడకూడదని దానికి వీపు పెట్టి నిలబడ్డాడు. అయితే ఎదురుగా కిటికీ అద్దంలో గడియారం కనపడుతూనే ఉంది, అదీ వెనక్కి తిరుగుతున్నట్టు.

అంతలో లారీ డ్రైవర్ ఫోను మోగింది. ఆయన చెవిటివాడిలా శబ్దం గట్టిగా పెట్టుకున్నాడు కాబోలు, అవతలి గొంతు గదంతా వినపడింది. పిల్ల గొంతు.

"నాన్నా, దొరికిందా?"

"దొరికిందమ్మా. దొరికింది. పంపించేస్తున్నారు."

"నాకు ఆకలేస్తోంది నాన్నా. వీళ్లు ఏమీ పెట్టట్లేదు."

"ఆపరేషన్ అయ్యాక తిందువుగాని. అమ్మకియ్యి ఫోను."

అమ్మకి ఆయన ఏం చెప్పాడో, వరండాలోకి వెళ్లిపోయి చెప్పాడు.

రెండూ యాభైకి ప్రోగ్రామ్ తెరుచుకుంది. తెర మీద స్కానర్ పేరు, నంబరుతో సహా కనపడింది. "పట్టుకుంది!" అని కంప్యూటర్ ఆవిడ బల్ల చరిచింది. బాబాయి ఫిల్ము తుడిచి, అద్దం మీద పెట్టి, మూత దించాడు. ఆవిడ బటన్ నొక్కింది.

గర్ర్ మని ఒక చప్పుడు. పళ్లు కొరికినట్టు, కుర్చీ ఈడ్చినట్టు. ఎర్ర దీపం టపటపా కొట్టుకుంది. తెర మీద ఏదో అంకె వచ్చింది, మాట లేదు.

మళ్లీ నొక్కింది. మళ్లీ గర్ర్.

"పాత కంప్యూటర్లో అయితే ఏం తప్పో రాసి చూపించేది" అన్నాడు బాబాయి.

"ఇది ఎవరో బయటివాళ్లు రాసిన ప్రోగ్రామ్ కదా బాబాయ్, అంకె తప్ప ఇంకేమీ చెప్పదు."

వైరు మార్చింది. తీసి పెట్టింది. కంప్యూటర్ ఆపి మళ్లీ వేసింది. ప్రోగ్రామ్ తీసేసి మళ్లీ ఎక్కించింది. ప్రతిసారీ తెర మీద స్కానర్ పేరు బుద్ధిగా కనపడుతుంది, బటన్ నొక్కగానే గర్రుమంటుంది. నాలుగోసారి చప్పుడుకి బాబాయి రెండు చేతులూ అడ్డం పెట్టేశాడు. "వద్దమ్మా, లోపలేదో విరిగిపోతుంది. ఆపెయ్యి."

మూడుంపావు. సూపరింటెండెంట్ వచ్చాడు. మాట తక్కువ మనిషి, అందుకే ఆయనంటే బాబాయికి మరీ భయం. చేతులు వెనక్కి కట్టుకుని స్కానర్‌ని ఒకసారి, ఫిల్ము కవరు మీద సంవత్సరాన్ని ఒకసారి చూశాడు. ఆ రెండో చూపుకి బాబాయి పై ప్రాణాలు పైనే పోయాయి. కానీ సూపరింటెండెంట్ దాని గురించి ఏమీ అనలేదు.

"కదిల్చినప్పుడు దెబ్బ తగిలిందా?"

"లేదు సార్. పక్కనే ఉన్నాను సార్. పూర్తి జాగ్రత్తగా..."

మాట పూర్తి కాలేదు. ముప్ఫై రెండు మెట్లూ కళ్ల ముందు తిరిగాయి. పదిహేడో మెట్టు మీద ఒకడు కాలు మార్చుకోలేదూ? అప్పుడు కుదుపు రాలేదూ? వచ్చే ఉంటుంది. దీన్ని చంపింది నేనే. కిందే ఉంచమని గట్టిగా అడిగి ఉంటే బతికేది. భయపడి అడగలేదు. జీవితంలో భయపడాల్సిన చోట భయపడకుండా, భయపడకూడని చోట భయపడ్డాను. పన్నెండేళ్ల పిల్ల ఆకలితో మంచం మీద పడుకుని ఎదురు చూస్తోంది. ఆ కాలు ఇక జన్మంతా కుంటుతూ ఉంటే, అడుగడుగునా ఆ గర్రుమనే చప్పుడు నాకు వినపడుతుంది. ఇలా సాగింది ఆయన ఆలోచన. నిలబడలేక ఇనుప అర పట్టుకున్నాడు.

కంప్యూటర్ ఆవిడ తన ఆఫీసుకి ఫోన్ చేసింది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, అవతలి మనిషి అడిగేది ఇటు అడుగుతూ, ఇటు చెప్పేది అటు చెబుతూ ఉంది. వైరు ఎంత పొడుగు, దీపం ఏ రంగు, అంకె ఎంత. బాబాయి అన్నిటికీ యాంత్రికంగా జవాబు చెబుతున్నాడు.

"బాబాయ్, దీన్ని కలిపే ముందు ఏమైనా చెయ్యాలా అని అడుగుతున్నారు."

"చేశానమ్మా. కదిపే ముందు చెయ్యాల్సిందంతా చేశాను. నేనే స్వయంగా..."

"కదిపే ముందు కాదు బాబాయ్, కలిపే ముందు" అని, ఆవిడ మళ్లీ ఫోనులో పడిపోయింది.

బాబాయి అర వదిలేశాడు.

కదిపే ముందు. కలిపే ముందు. పధ్నాలుగేళ్ల క్రితం ఆ మెకానిక్ కూర్చుని టీ తాగుతూ చెప్పిన మాట, ఆ యాసతో సహా, చెవిలో పలికింది. "కదిపే ముందు వెయ్యాలి, కలిపే ముందు తియ్యాలి. ఒక్క అక్షరం తేడా గురువుగారూ, గుర్తుపెట్టుకోండి." గుర్తుపెట్టుకున్నాడు. నోటుపుస్తకంలో రాసుకున్నాడు. అందులో సగం, భయపడేవాడికి అవసరమైన సగం, వెయ్యడం, తు.చ. తప్పకుండా చేశాడు. తియ్యడం ఆయనకెప్పుడు అలవాటు గనక? చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, కంప్యూటర్‌లో వెతికారు, నెట్‌లో వెతికారు, పదిహేడో మెట్టు మీద వెతికారు. తాళం ఆయన వేసిందే. లోపల దీపపు బండి పాపం వెళ్లాలని ప్రయత్నిస్తూ, వెళ్లలేక, గింజుకుంటోంది.

సూపరింటెండెంట్ కిటికీ వైపు తిరిగి ఉన్నాడు. కంప్యూటర్ ఆవిడ ఫోనులో ఉంది. లారీ డ్రైవర్ నేల చూస్తున్నాడు. బాబాయి బల్ల దగ్గరికి వెళ్లి, స్కానర్ అడుగున ఎడమవైపు చెయ్యి పెట్టి, మీట తిప్పాడు. టిక్కుమన్న ఆ చిన్న చప్పుడు ఎవరికీ వినపడలేదు.

"ఇంకొక్కసారి నొక్కమ్మా."

"వైరు మళ్లీ మార్చి చూద్దామంటున్నారు బాబాయ్."

"మార్చు. మార్చి నొక్కు."

మార్చింది. నొక్కింది. ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. తర్వాత సన్నగా జుయ్‌మంటూ, మూత సందులోంచి తెల్లటి వెలుగు ఒక కొస నుంచి ఇంకో కొసకి కదలడం మొదలుపెట్టింది. తెర మీద పైనుంచి కిందికి, ఒక్కో గీతా, పదకొండేళ్లనాటి చిన్న తుంటి ఎముక వచ్చింది.

మూడూ నలభై ఆరుకి వెళ్లింది బొమ్మ. మూడూ యాభై మూడుకి సర్జన్ ఫోన్ చేశాడు. "మూడు పిన్నులు. మూడోది వంకరగా వెళ్లింది. ఇది చూడకుండా తెరిచి ఉంటే చాలా కష్టమయ్యేది. పిల్లని లోపలికి తీసుకెళుతున్నాం."

లారీ డ్రైవర్ గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుని ఏడ్చాడు. ఆయా వచ్చి నీళ్లిచ్చింది. సూపరింటెండెంట్ కంప్యూటర్ ఆవిడతో "శభాష్ అమ్మా, ఆ వైరుతోనే వచ్చిందన్నమాట" అన్నాడు. ఆవిడ కూడా వైరే అనుకుంది, అయినా ఎందుకో ఒకసారి బాబాయి మొహం చూసింది. లారీ డ్రైవర్ లేచి, ఆవిడకి దణ్ణం పెట్టి, బాబాయి దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీరు దేవుడిలా దాచిపెట్టారండీ ఈ ఫిల్ము. ఎవరు దాస్తారు?"

ఇక్కడ నోరు మూసుకుంటే సరిపోయేది. యంత్రం చెడింది, యంత్రం బాగుపడింది, కథ కంచికి. ఈ లోకంలో ఆ మీట సంగతి తెలిసింది ఆయనొక్కడికే, ముందూ అంతే, ఇకముందూ అంతే. నిజం చెబితే ఈ చేతులే మెడ పట్టుకోవచ్చు. సూపరింటెండెంట్ వింటున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అంత భయం ఆయన ఎరగడు. అయినా ఆ చేతుల్లోంచి తన చేతులు లాక్కోబుద్ధి కాలేదు, ఆ చేతుల్లో ఉంచుకోనూ బుద్ధి కాలేదు.

"నాయనా, యంత్రం బాగానే ఉంది" అన్నాడు. "అడుగున దానికో తాళం ఉంది. నిన్న దీన్ని కదిపే ముందు నేనే వేశాను. కలిపే ముందు తియ్యడం మరిచాను. నీకు ఈ గంట నరకం నా వల్లే. వైరు వల్ల కాదు."

కంప్యూటర్ ఆవిడ వంగి స్కానర్ అడుగున చూసింది. లారీ డ్రైవర్ దవడ ఒకసారి బిగిసింది. బాబాయి కళ్లు మూసుకున్నాడు.

"ఎందుకు వేశారు?" అన్నాడు డ్రైవర్.

"మెట్ల మీద లోపలి దీపం పగిలిపోతుందేమోనని."

డ్రైవర్ పెద్దగా ఊపిరి వదిలాడు.

"బండి ఆపితే చక్రం కింద రాయి పెడతామండీ మేం. ఏటవాలు లేకపోయినా పెడతాం. పొద్దున్నే మొద్దునిద్దరలో లేచి, రాయి తియ్యకుండానే బండి తీసి, ఇంజన్ మూలుగుతుంటే ఏమైందో తెలీక బోనెట్ తెరిచి చూసిన రోజులు నాకూ ఉన్నాయి." ఆయన చేతులు వదల్లేదు. "రాయి పెట్టని క్లీనర్‌ని మాత్రం నేనెప్పుడూ ఉంచుకోలేదండీ."

ఆయన వెళ్లబోతుంటే బాబాయి గుమ్మం దాకా వచ్చాడు. "నిద్ర లేదు నీకు. దారిలో ఆగి ఆగి వెళ్లు. జాగ్రత్త" అన్నాడు. వెనక నించున్న ఆయా అలవాటు కొద్దీ నవ్వబోయి ఆగింది. డ్రైవర్ "అలాగే బాబాయ్" అన్నాడు, నిజంగానే అలాగే వెళ్లేవాడిలాగా.

సూపరింటెండెంట్ ఇంకా అక్కడే ఉన్నాడు. ఫిల్ము కవరు చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది పోయినేడు పారేసినట్టు సంతకం ఉంది కదూ?"

"ఉంది సార్."

"ఇలాంటివి ఎన్ని?"

"నాలుగు వందల పన్నెండు సార్. అన్నీ పిల్లలవే."

ఆయన కవరుని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. "రేపట్నుంచి అన్నీ స్కాన్ చెయ్యండి. ఆ తర్వాత పారేద్దాం." గుమ్మం దాటాక తిరిగి చూసి, "తాళం తీసే చెయ్యండి" అన్నాడు. ఆ మనిషి పరిహాసమాడటం ఆసుపత్రిలో ఎవరూ వినలేదు గనక, అది పరిహాసమో మందలింపో బాబాయికి ఇప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రం ఆయన వేళకి ఇంటికి వెళ్లలేదు. నేలమాళిగ నుంచి ఫోను తెప్పించి, తీగ పెట్టించి, దాని ఎదురుగా కూర్చున్నాడు. అయిదయింది, ఆరయింది. వాళ్లావిడ ఫోన్ చేస్తే "లైన్ ఖాళీగా ఉంచాలి, పెట్టెయ్యి" అన్నాడు. భయం ఎక్కడికీ పోలేదు, ఆ పక్కనే మరో కుర్చీలో కూర్చుని ఉంది. ఆరూ నలభైకి ఫోను మోగింది. ఒక ఆడమనిషి గొంతు. పేరూ వివరమూ ఏమీ చెప్పలేదు.

"తాళం బాబాయి గారేనా? బయటికి తీసుకొచ్చారండీ. కళ్లు తెరిచింది. ఆకలంటోంది."

బాబాయి "సంతోషం తల్లీ" అన్నాడు. జాగ్రత్త అనలేదు.

కుర్చీలోనే కాసేపు ఉండి, కళ్లు తుడుచుకుని, దీపాలార్పి, గదికి తాళం వేశాడు. మూడుసార్లు లాగి చూశాడు. మెట్లు దిగుతూ పదిహేడో మెట్టు దగ్గర ఆగాడు. వెనక్కి ఎక్కాడు. అయితే ఈసారి తాళం లాగలేదు, తీశాడు. చీకట్లోనే బల్ల దాకా తడుముకుంటూ వెళ్లి, స్కానర్ అడుగున చెయ్యి పెట్టి, మీట తీసిన వైపే ఉందని చూసుకుని, అప్పుడు ఇంటికి బయల్దేరాడు.